లక్కచుక్క, నక్షత్రధూళి

లాడ్ బజారు గురించి రాసినవాళ్లు తక్కువేమీ కాదు. దీపాల వెలుగులో తళతళలాడే గాజులనూ, బేరమాడే గొంతులనూ వర్ణించి, పక్కన చార్మినార్ బొమ్మ ఒకటి అచ్చువేసి, తమ బాధ్యత తీరిందనుకున్నారు. ఆ గాజు కొనేవాళ్ల చేతికి రాకముందే దాన్ని వెలుగుకు ఎత్తి చూసి, అది అమ్మదగినదా కాదా అని తేల్చే మనిషి ఒకరు ఉంటారన్న ఆలోచనైనా వాళ్లకు రాలేదు. దస్తగీర్ సాబు దుకాణం వెనకగదిలో ఆ మనిషి పేరు కాశమ్మ. పద్దెనిమిదేళ్లు ఆమె ఒకే కిటికీ పక్కన కూర్చున్నది. అటువంటి మనిషికి కళ్లు పోయాయని 2006 డిసెంబరులో ఒకరు తీర్పు చెప్పేశారు. పరీక్ష లేదు, విచారణ లేదు. ఆ తీర్పును తిరగరాయడానికి చివరకు సౌరకుటుంబం అవతలి నుంచి వచ్చిన దుమ్ము సాక్ష్యం చెప్పవలసివచ్చింది. సంగతి మొదటినుంచీ చెప్పుకుంటేనే న్యాయం.

కాశమ్మది ఉప్పుగూడ. రైల్వేస్టేషన్ వెనక సందులో ఒంటిగది ఇల్లు. భర్త ఇస్సాకు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. 1988లో కామెర్లతో పోయాడు. మూడు నెలలు తిరక్కముందే ఆమె లాల్ దర్వాజ, శాలిబండల మీదుగా నడిచి లాడ్ బజారు చేరి, దస్తగీర్ సాబు ముందు నిలబడింది.

"ఏం కామ్ వస్తది అమ్మా నీకు?" అని సాబు అడిగాడు.

"కండ్లు మంచిగున్నయి" అన్నది కాశమ్మ.

సాబు నవ్వి, సన్నగా నెర్రెపడిన గాజులు మూడు కావాలనే కలిపి ఉంచిన కట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. కాశమ్మ నాలుగు తీసింది. నాలుగోదాని సంగతి తనకే తెలియదని సాబు ఆ తరువాత ఎన్నేళ్లయినా అందరికీ చెప్పుకునేవాడు.

ఆమె పని ఇది. ఉత్తరాది నుంచి గాజుల పెట్టెలు వస్తాయి. ఒక్కొక్క గాజును కిటికీ వైపు ఎత్తి, వేళ్ల మధ్య ఒక్క చుట్టు తిప్పాలి. గాజు లోపల వెంట్రుకంత నెర్రె ఉంటే దాన్ని ఆ బజారులో 'బాల్' అంటారు. ఉర్దూలో వెంట్రుకకు వాడే మాటే. పైన పడిన గీత వెలుగుతో పాటు జరుగుతుంది. లోపలి బాల్ జరగదు, ఉన్నచోటే కూర్చుని చూస్తుంటుంది. బాల్ దొరికిన గాజుకు కరిగిన ఎర్రలక్కతో ఆవగింజంత చుక్క పెట్టి, విడిగా ఉంచాలి. పెట్టె ఖాళీ అయ్యాక చుక్కల గాజులు వచ్చిన దారినే తిరిగి వెళతాయి. ఈ విద్యను ఆమెకు నేర్పింది అదే గదిలో అంతకుముందు ముప్పై ఏళ్లు కూర్చున్న సుందరమ్మ. నేర్పిన మరుసటేడు సుందరమ్మ కన్నుమూసింది. అప్పటినుంచి ఆ గదికి కాశమ్మే ఏలిక.

ఎదురింటి ఆదిశేషయ్యతో ఆమె స్నేహం మాత్రం పోట్లాటతో మొదలైంది. ఆయన ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఒక సర్కారు ఆఫీసు రికార్డుల గదిలో ముప్పై మూడేళ్లు పనిచేసి, ఆ గది అలవాటును ఇంటికి తెచ్చుకున్న మనిషి. చదివిన ప్రతి కాగితమూ ఆయన ఇంట్లో తేదీవారీగా ఉంటుంది. 1993 మే నెలలో ఒక సాయంత్రం కాశమ్మ ఆయన అరుగు ముందు ఆగింది.

"సారూ, పాత పేపర్లు ఇయ్యరాదు? గాజులు చుట్టనీకి కావాలె."

"మా ఇంట్లో పాత పేపర్లు లేవమ్మా. దాచిన పేపర్లు ఉన్నాయి."

"గవే గదా! గుట్టలు గుట్టలు కనవడుతున్నయి."

"అవి గాజులు చుట్టుకోవడానికి కాదు! ఇదిగో, ఈ ముక్కలో ఏముందో తెలుసా నీకు?"

"చెప్తే తెలుస్తది. చెప్పకుంటే చుట్టనీకి పనికొస్తది."

ఆదిశేషయ్యకు ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే ఆ ముక్క చదివి వినిపించాడు. సూర్యుడి ధ్రువాలు చూడడానికి పంపిన నౌక ఒకటి దారిలో, గురుగ్రహం దాటాక, వింత దుమ్మును పసిగట్టింది. గ్రహాల మధ్య తిరిగే మామూలు దుమ్ము కాదది. సూర్యుడు పట్టి ఆపలేనంత వేగంతో, గ్రహాలు నడిచే దిక్కుకు ఎదురుగా, అంతా ఒకే వైపు నుంచి వస్తున్నది. అంటే బయటిది. నక్షత్రాల నడుమ ఉండవలసినది మన సూర్యుడి ఇంట్లోకి వచ్చి పోతున్నది.

"చుక్కలు ఆడ ఉంటే, దుమ్ము ఈడికి ఎందుకొస్తది?" అని అడిగింది కాశమ్మ.

"సూర్యుడు ఊరికే కూర్చోలేదమ్మా. మనందరినీ వెంటేసుకుని నడుస్తున్నాడు. దారిలో ఉన్న దుమ్ము ఎదురొచ్చి పడుతున్నది."

కాశమ్మ చెంగుతో మొహం తుడిచి, చెంగు చాపి చూపించింది. "నేను చార్మినార్ కెల్లి నడిచొస్తుంటే మొఖం మీద పడ్డట్టా?"

ఆదిశేషయ్య కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. ఆ ముక్కను తాను పాత ఆఫీసుకు వెళ్లి నలుగురు డిగ్రీ చదివినవాళ్లకు వివరించాడు. ఒక్కరికీ ఎక్కలేదు. "అచ్చంగా అంతే" అన్నాడు. ఆ రోజు ఆయన కాగితం ముక్క ఇవ్వలేదు గానీ, కూర్చోమని అరుగు తుడిచాడు.

అది మొదలు, ఆకాశం సంగతి పేపర్లో ఏది వచ్చినా ఆయన చదివేవాడు, ఆమె వినేది. 1999లో ఒక నౌక బయలుదేరింది. టెన్నిస్ బ్యాటు ఆకారంలో ఉన్న పళ్లెం ఒకటి దానికి అమర్చారు. ఆ పళ్లేనికి ఒక మొహం తోకచుక్క దుమ్ముకు. రెండో మొహం, ఎదురొచ్చే నక్షత్రధూళికి. పళ్లెం గళ్లలో గడ్డకట్టిన పొగ లాంటి పదార్థం నింపారు. చూస్తే ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. దుమ్ముకణం వచ్చి అందులో దూరితే సన్నని గీత గీసి, దాని కొసన ఆగిపోతుంది. ఏడేళ్ల తరువాత, 2006 జనవరిలో, ఆ పళ్లెం భద్రంగా ఒక ఎడారిలో దిగింది.

"ఎన్ని దొరికినయట సారూ?"

"అదే చిక్కు. దొరికితే ఏ నలభయ్యో యాభయ్యో. ఒక్కోటి వెంట్రుక మందంలో యాభయ్యోవంతు ఉంటుంది. పళ్లెం మొత్తం ముక్కలు ముక్కలుగా బొమ్మలు తీస్తే లక్షల బొమ్మలు అవుతాయి. వెతకడం యంత్రాలకు చేతకాలేదు."

"మరెట్ల?"

"మనుషుల కళ్లు కావాలంటున్నారు. ఇంటర్నెట్లో బొమ్మలు పెడతారట, ఎవరైనా చూడవచ్చునట. ముందు పరీక్ష పెడతారు. పది బొమ్మల్లో ఎనిమిది సరిగా చెప్పినవాళ్లకే పని."

ఆగస్టులో వచ్చిన ఈ వార్తకు తెలుగు పేపరు ఇచ్చిన చోటు నాలుగు పంక్తులు, అదీ ఒక సినిమా ప్రకటన కింద. ఆదిశేషయ్య సంపాదకుడికి రెండు పేజీల ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు, కార్బన్ ప్రతి మాత్రం ఫైలులో ఉన్నది. ఆయన స్వయంగా స్టేషన్ రోడ్డులో ఉన్న స్వీటీ ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లి పరీక్ష రాశాడు. ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది, కుడికంటికి జరగవలసి ఉన్నది. పదికి మూడు వచ్చాయి. తప్పిన కాగితాన్ని కూడా తేదీ వేసి దాచాడు.

"మీ కండ్లకు పేపర్లే ఎక్కువ. నన్ను పిలిస్తే నేను రానా?" అన్నది కాశమ్మ. అన్నదే గానీ, పండుగల గిరాకీ మొదలై ఆ మాట అక్కడే నిలిచిపోయింది.

డిసెంబరు మొదటి వారంలో దస్తగీర్ సాబు హజ్ యాత్రకు బయలుదేరాడు. తిరిగి వచ్చాక ఇక గల్లా మీద కూర్చోనని ముందే చెప్పాడు. దుకాణం అంతకు నెల ముందు నుంచే కొడుకు మునవ్వర్ చేతికి వచ్చింది. పదేళ్లు షార్జాలో సెల్‌ఫోన్లు అమ్మి, ఆ వర్షాకాలంలోనే తిరిగివచ్చిన మనిషి. గాజును అరచేతిలో పెట్టుకుని చూసేవాడు. వెలుగుకు ఎత్తి చూసే పట్టు కాదది.

డిసెంబరు తొమ్మిది, శనివారం, మునవ్వర్ ఆమెను గల్లా దగ్గరికి పిలిచాడు. కింద రెండు పెట్టెలు విప్పి ఉన్నాయి.

"గుల్బర్గా సే మాల్ వాపస్ ఆయా అమ్మా. దేఖో. మొత్తం బాల్ పడ్డ గాజులే అంటున్నరు. మా నామ్ ఖరాబ్ అయింది."

"నేను చూసిన మాల్ల బాల్ ఉండది" అన్నది కాశమ్మ.

"ఉండదా? నువ్వు చుక్కలు పెట్టిన గాజులు నేను ఒక్కొక్కటి చూసిన. ఒక్కదాన్ల గూడ ఏం లేదు. సాఫ్! మంచి గాజులను వాపస్ ఎందుకు పంపాలె అని చుక్కలు గీకిచ్చి మాల్ల కలిపిన. నువ్వేమో మంచియి పక్కకు పెడుతున్నవ్, పగిలినయి వదిలేస్తున్నవ్. కండ్లు పోయినయ్ అమ్మా. ఉమర్ హోగయి, వయసైంది. ఇంట్ల కూసో, దువా చేస్కో."

"నా కండ్లు మంచిగున్నయి."

"గట్లనే అంటరు అందరు. పద్దెనిమిది తారీఖు, సోమవారం, కొత్త మనిషి వస్తది. గంతే."

మాటలో కసి లేదు. అదే ఎక్కువగా గుచ్చుకున్నది. జాలిపడి చెప్పిన తప్పుమాటకు జవాబు చెప్పడం కష్టం. అందులోనూ ఆమె చెవిలో మోగింది ఒక్క మాటే: కండ్లు పోయినయి. మునవ్వర్ చెప్పిన మిగతా మాటలు ఆ మోతలో వినపడనే లేదు. వినపడి ఉంటే ఈ కథ అక్కడే, ఆ గల్లా ముందే ముగిసి ఉండేది.

సోమవారం ఆమె ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో మూడు గంటలు వరుసలో నిలబడి పరీక్ష చేయించుకున్నది. దూరపుచూపు సరిగా ఉన్నది, దగ్గరచూపుకు ఉన్న కళ్లజోడు సరిపోతుంది అని డాక్టరు సంతకం పెట్టి ఇచ్చాడు. మునవ్వర్ ఆ చీటీని తిరగేసి చూసి, "చిట్టీ గాజులు చూస్తదా అమ్మా?" అని ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం చీటీని ఆదిశేషయ్య చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివి లేచి నిలబడ్డాడు.

"సర్కారు డాక్టరు సంతకానికి విలువ లేదా? ఏమనుకుంటున్నాడు వాడు? కాశమ్మా, లోకం మొత్తానికి ఒకటే ప్రశ్నపత్రం పెట్టిన కంటి పరీక్ష ఒకటి ఉన్నది. అమెరికావాడికీ అదే, జపానువాడికీ అదే. అందులో నెగ్గితే నీ కళ్లను కాదనే మొనగాడు చార్మినార్ చుట్టుపక్కల ఉండడు. నడు."

స్వీటీ ఇంటర్నెట్ సెంటరు నడిపే స్వీటీ కాశమ్మ వెళ్లే చర్చిలోనే పాటలు పాడుతుంది. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్, గోడమీద క్రిస్మస్ నక్షత్రం. "రా పెద్దమ్మా, ఏం ఫికర్ చెయ్యకు" అని కుర్చీ వేసింది. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పింది.

"గీ బొమ్మ ఉన్నది సూడు. గీ పట్టీ కిందికి గుంజితే పైనుంచి లోపటికి పోతది. పైన గీతలు, మరకలు మస్తు ఉంటయి, గవి లెక్క కాదు. లోపట, బాగా లోపట, సన్నగ గీత పోయినట్టు కనవడితే గుర్తు పెట్టాలె. ఏం లేకుంటే లేదనాలె."

"బిడ్డా, గిది నా పనే!" అన్నది కాశమ్మ. ఆమె మొహం వెలిగిపోయింది. పద్దెనిమిదేళ్లు ఆమె చేసింది వేరే ఏమిటి? పైగీత జరుగుతుంది, లోపలిది జరగదు. గాజును తిప్పడానికి బదులు ఇక్కడ పట్టీని గుంజాలి, అంతే తేడా. మౌసు పట్టుకోవడం రాదు గనుక, కొంగున ఎప్పుడూ ఉండే, గాజులకు చుక్కలు పెట్టే లక్కపుల్ల తీసి తెర మీద చోటు చూపించింది. "గీడ పెట్టు." స్వీటీ అక్కడ నొక్కింది. ఆ చోట స్వీటీకి ఏమీ కనిపించలేదు. నిజానికి ఆమెకు ఏ బొమ్మలోనూ, ఎక్కడా ఏమీ కనిపించలేదు. పెద్దమ్మ చూపు తనకెక్కడిది అనుకున్నది. ప్రతి బొమ్మనూ గుర్తుతో సహా అచ్చుతీసి ఇవ్వమని ఆదిశేషయ్య వెనక నిలబడి పట్టుబట్టాడు.

"సారూ, ఇంక్ ఖతమైతది!"

"కావనీ. కాగితం లేని పరీక్ష పరీక్షే కాదు."

పది బొమ్మలు అయ్యాయి. తెర మీద ఫలితం వచ్చింది. పదికి నాలుగు.

"మళ్లీ పెట్టు" అన్నది కాశమ్మ. బుధవారం అయిదు వచ్చాయి. శుక్రవారం మూడు. ఆదిశేషయ్యకు ఒంటికన్నుతో వచ్చినన్నే.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమె అరుగు మీద ఆగకుండా ఇంటికి వెళ్లిపోయింది. గదిలో వెలుగు తగ్గుతున్నది. లైటు వేయకుండా సూది తీసి, దారం కొసను పళ్లతో కొరికి, ఎక్కించి చూసింది. మొదటిసారికే ఎక్కింది. ఇంకో సూది తీసింది, అన్నిటికంటే సన్నది. అదీ ఎక్కింది. "సూదికేమన్న మొహమాటమా?" అని పైకే అనుకుని, రెండు సూదులనూ గోడ క్యాలెండరుకు గుచ్చింది. కళ్లు బాగున్నాయి, లెక్క తప్పుతున్నది. ఎక్కడో ఏదో ఉన్నది. ఉన్నదాన్ని పట్టడమే కదా తన పని.

అవతలి ఇంట్లో ఆదిశేషయ్య ముప్పై కాగితాలూ పరుచుకుని కూర్చున్నాడు. స్వీటీ చేత ప్రతి బొమ్మ సంఖ్యా, తప్పొప్పులూ రాయించి తెచ్చాడు. వాటిని పట్టికగా దింపేసరికి ఆయనకు ఒక విషయం మింగుడుపడలేదు. ఏమీ లేని బొమ్మలు మూడు పరీక్షల్లోనూ కలిపి పన్నెండు. ఆ పన్నెండింటినీ ఆమె 'లేదు' అన్నది, పన్నెండూ ఒప్పు. గీత ఉన్న పద్దెనిమిదింటిలోనూ ఆమె 'ఉన్నది' అనే చెప్పింది. గుర్తు పెట్టిన చోటు మాత్రం పద్దెనిమిదీ తప్పు. కళ్లు పోయినవాళ్లు ఇంత పద్ధతిగా తప్పరు.

పదిహేడో తేదీ ఆదివారం, ప్రార్థన ముగించుకుని వస్తున్న కాశమ్మను ఆయన సందు మొదట్లోనే పట్టుకున్నాడు. అరుగు మీద ఎండలో కాగితాలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంచాడు.

"కాశమ్మా, ఇది చూడు. ఇందులో గీత ఎక్కడున్నది? వేలు పెట్టి చూపించు."

ఆమె వంగి చూసి, కాగితానికి ఎడమపక్క పైమూల దగ్గర గోరు ఆనించింది. "గిదిగో. తల సన్నగ, కొసకు ముద్ద ఉన్నట్టు. సాఫ్ కనవడుతున్నది గదా."

ఆదిశేషయ్య భూతద్దం పెట్టి చూశాడు. ఉన్నది. వెంట్రుక నీడ లాంటి గీత.

"మరి నువ్వు పెట్టించిన గుర్తు ఇక్కడ, కుడిపక్క కింద ఉన్నదేమిటి?"

"అవ్. గుర్తు గాడనే ఉంటది."

"గీత ఇక్కడుంటే గుర్తు అక్కడ ఎందుకు పెట్టావు?"

కాశమ్మ ఆయన్ను వింతగా చూసింది. అన్నం నోట్లోనే ఎందుకు పెట్టుకుంటావని అడిగిన మనిషిని చూసినట్టు.

"బాల్ మీద చుక్క ఎవరన్న పెడతరా సారూ? లక్క కాగుతుంటది. బాల్ మీద పెడితే వేడికి గాజు పట్టుమని చిట్లుతది, చెయ్యి కోసుకపోతది. ఎదురుంగ పెడతరు, నడిమిట్ల కెల్లి సీదా ఎదురుంగ. చుక్క చూస్తే బాల్ ఎక్కడున్నదో ఎరుకైతది. సుందరమ్మ నాకు మొదటి రోజే చెప్పింది."

ఆదిశేషయ్య లోపలికి వెళ్లి, ఆఫీసు నాటి ఉక్కు స్కేలు తెచ్చాడు. గుర్తు మీద ఒక కొస ఆనించి, బొమ్మ నడిమధ్య నుంచి గీత లాగాడు. అది తిన్నగా వెళ్లి కాశమ్మ గోరు ఆనించిన చోటే తగిలింది. రెండో కాగితం. మూడోది. పద్దెనిమిది కాగితాల మీదా గీతలు లాగాడు. ఒక్కటి కూడా బియ్యపుగింజ మందం పక్కకు పోలేదు. స్కేలు పట్టుకున్న తనకే అంత తిన్నగా రావడం కష్టమైంది. ఆమె లక్కపుల్లతో, కంటి కొలతతో పెట్టింది.

"అమ్మా, నీకు మూడు పరీక్షల్లోనూ కలిపి ముప్పైకి ముప్పై వచ్చాయి. అర్థం చేసుకునే చదువు వాళ్లకు లేకపోయింది, అంతే!" అన్నాడు. తరువాత ఏదో తట్టి ఆగాడు. "ఈ ఎదురుచుక్క పద్ధతి ఎవరెవరికి తెలుసు?"

"అందరికి ఎరుకే. సుందరమ్మకు ఎరుకుండె. పెద్దసాబుకు ఎరుకే."

"మునవ్వర్‌కు?"

కాశమ్మకు గల్లా ముందు వినపడకుండా పోయిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే వినపడ్డాయి. నువ్వు చుక్కలు పెట్టిన గాజులు నేను చూసిన. ఒక్కదాన్ల గూడ ఏం లేదు. చుక్కలు గీకిచ్చి మాల్ల కలిపిన.

"అయ్యో దేవా! పిలగాడు చుక్క కింద వెతికిండు సారూ!" అని ఆమె అరుగు మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆదిశేషయ్యకు నవ్వు రాలేదు. తెలియనిదాన్ని ఒక్క మాట అడిగి తెలుసుకోవడానికి బదులు ఒక మనిషి జీవనాధారాన్ని తీసేసే తెంపరితనం ఆయనకు నవ్వులాట కాదు.

మధ్యాహ్నం స్వీటీ సెంటరు తెరిచేసరికి ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. కాశమ్మ కుర్చీలో కూర్చుని లక్కపుల్ల తీసింది. "బిడ్డా, ఇయ్యాల గీత మీదనే పెడదాం. ఇది గాజు గాదు, చిట్లది." పదికి పది వచ్చాయి. స్వీటీ వేసిన కేకకు పక్క దుకాణం మైసయ్య పరుగెత్తుకొచ్చి, ఎవరికైనా కరెంటు షాక్ కొట్టిందేమోనని మెయిన్ ఆపబోయాడు.

పరీక్ష దాటాక అసలు బొమ్మలు వచ్చాయి. ఆదిశేషయ్య కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. కాశమ్మ ఒక్కొక్కటే లోపలికి దిగి చూసి, "లేదు" అంటూ పోయింది. మధ్యలో వచ్చే దొంగబొమ్మలు, వెతికేవాళ్లు నిద్రపోతున్నారో లేదో తెలుసుకోవడానికి కలిపినవి, నాలుగు పట్టుకున్నది. అరవై అసలు బొమ్మలు అయినా ఒక్కదానిలోనూ చుక్కల దుమ్ము కనిపించలేదు.

"ఒక్కటైనా లేదా?" అన్నాడాయన, ముఖం చిన్నబుచ్చుకుని.

"లేదంటే లేదు సారూ. లేనిదాన్ని ఉన్నదనేటి కండ్లు కావాల్నా మీకు? ఉన్ననాడు ఉన్నదంట."

సోమవారం పొద్దున కొత్త మనిషి కంటే ముందే ఆమె దుకాణం చేరింది. మునవ్వర్ షటరు ఎత్తుతున్నాడు. పదికి పది కాగితం కొంగున ఉన్నది గానీ ఆమె దాన్ని తీయలేదు. గుల్బర్గా నుంచి తిరిగివచ్చిన పెట్టెల్లో ఒకదాన్ని కిటికీ దగ్గరికి లాగింది.

"క్యా అమ్మా, సుబే సుబే లొల్లి నక్కో" అన్నాడు మునవ్వర్.

"లొల్లి కాదు బాబూ. గీ గాజు చూడు. లక్క గీకిన మరక కనవడుతున్నదా?"

"హౌ. నేనే గీకిచ్చిన. దాని కింద ఏం లేదు, అప్పుడే చూసిన."

"ఉండది. ఇప్పుడు మరక మీద బొటనవేలు పెట్టు. ఎదురుంగ, సీదా ఎదురుంగ చూడు. అరచేతుల గాదు, వెలుగుకు ఎత్తు. తిప్పు."

మునవ్వర్ విసుగ్గానే తిప్పాడు. అతని చెయ్యి ఆగింది. వెలుగులో, తన బొటనవేలికి సరిగ్గా ఎదురుగా, వెంట్రుకంత బాల్ కదలకుండా కూర్చుని ఉన్నది. గాజు కింద పెట్టి ఇంకోటి తీశాడు. మరక, ఎదురుగా బాల్. ఇంకోటి. పన్నెండో గాజు దాకా తానే తీశాడు. ఆ తరువాత తీయడం మానేసి, పెట్టె అంచున కూర్చుండిపోయాడు.

"ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా?" అన్నది కాశమ్మ. గొంతు పెంచలేదు. "చుక్కలు గీకేటప్పుడు అడగాలె. పద్దెనిమిదేండ్ల మనిషి ఒక మూలకు కూసోని చుక్కలు పెడుతున్నదంటే గవి ఉత్తగనే పెడతదా?"

"గలతీ హోగయి అమ్మా" అన్నాడు మునవ్వర్, తల ఎత్తకుండా. "కొత్త మనిషిని వద్దంటా. నువ్వు గీడనే కూసో."

"వద్దనకు. రానియ్యి, నేర్పుత. నేను పోయినంక మళ్ల ఎవరో ఒకరు చుక్క కింద వెతకకూడదు. ముందుగాల నువ్వు నేర్చుకో." ఆమె లక్కపుల్లను కుంపటి మీద కాచి అతని చేతికిచ్చి, ఒక గాజు అందించింది. మునవ్వర్ వెలుగుకు ఎత్తి తిప్పాడు, బాల్ పట్టుకున్నాడు, సంబరంగా పుల్లను తిన్నగా దాని మీదికే దించబోయాడు. కాశమ్మ అతని మణికట్టు మీద ఒక్కటి వేసింది.

"ఎదురుంగ!"

అతను నవ్వేసి, గాజు తిప్పి, అవతలి వైపు చుక్క పెట్టాడు. కొంచెం పక్కకు పోయింది. "గింత పోయింది. రేపటికి వస్తది" అని ఆమె తన చాప పరుచుకుని, కిటికీ పక్కన కూర్చున్నది. "ఇంకో మాట. సాయంత్రం నాలుగింటికి లేస్త. ముందటి తీరు ఆరు దాక కూసోను."

"నాలుగుకే? ఎందుకమ్మా?"

"ఉప్పుగూడల నాకు వేరే పని ఉన్నది. బయటి చుక్కల కెల్లి దుమ్ము వచ్చి పడ్డది, లక్షల బొమ్మలున్నయి, చూసేటోళ్లు కావాలంటున్నరు" అని కాశమ్మ మొదటి గాజును వెలుగుకు ఎత్తింది. "ఆడ మాత్రం గుర్తు గీత మీదనే పెట్టాలె. వాళ్ల పద్ధతి గట్ల."